కృష్ణ పోసిన నేల

విజయవాడ నుండి బందరు పోవు దారిలో కొండలు కనుమరుగైన పిదప మరల రాయి అన్నది కంటబడదు. ఇరుప్రక్కల వరిచేలు, వాని నడుమ కాలువగట్లు, గట్లమీద తాటిచెట్లు, దూరమున ఏదో ఒక ఊరి గుడిగోపురము. ఈ దృశ్యము పామర్రు వరకును ఇట్లే సాగును. పామర్రు కూడలి వద్ద దారులు చీలును. ఒకటి బందరునకు, ఒకటి గుడివాడ మీదుగా భీమవరము వైపునకు, ఇంకొకటి కూచిపూడి మీదుగా చల్లపల్లి వైపునకు పోవును. ఇక్కడి నుండి విజయవాడ దాదాపు 40 కిలోమీటర్లు. బందరు దాదాపు 30. ఈ ప్రాంతమున ఇల్లు కట్టదలచినవారు పునాదిరాయిని వెలుపలి నుండి తెచ్చుకొనవలసినదే. నుయ్యి త్రవ్వినచో బండ తగులదు; నల్లమట్టి, ఇసుక, బంకమన్ను పొరలు పొరలుగా బయటపడును.

ఇంత సారవంతమైన నేలలో రాయి ఎందుకు లేదు? ఇది పిల్లలు అడుగదగిన ప్రశ్న; పెద్దలు సమాధానము చెప్పదగిన ప్రశ్న. ఈ మట్టి పరదేశి. పడమటి కనుమలలో మహాబలేశ్వరము చెంత పుట్టిన కృష్ణ, దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, దారిపొడుగునను మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ సీమల మట్టిని కోసి తెచ్చి, ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమనున్న ఇరుకు దాటినంతనే బరువు దించుకొనినది. కొండల నడుమ పరుగెత్తిన నీరు మైదానమున నెమ్మదించును. నెమ్మదించిన నీరు మట్టిని మోయజాలదు. అట్లు దించిన మట్టియే మన డెల్టా.

ఈజిప్టు దేశము నైలునది ఇచ్చిన కానుక యని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు రెండువేల నాలుగువందల ఏండ్లకు పూర్వమే గ్రహించినాడు. మూడు మూలలుగల గ్రీకు అక్షరమును బట్టి అట్టి నేలకు డెల్టా యను పేరు వచ్చినది. పామర్రు, గుడివాడ, బందరు, అవనిగడ్డ, ఏటికి ఆవలి ఒడ్డున తెనాలి, రేపల్లె మొదలగునవన్నియు కృష్ణ ఇచ్చిన కానుకయే. అయితే ఈ కానుక ఎప్పుడు అందినది? దాని సాక్ష్యములు ఎక్కడ? ఇప్పటికిని అందుచున్నదా? ఈ మూడు ప్రశ్నలను మేము ఈ ప్రసంగమున క్రమముగా విచారింపదలచితిమి.

మొదటి ప్రశ్నకు సమాధానము వెదకుటకు కృష్ణాతీరమును విడిచి భూగోళపు ఉత్తరపు కొసకు పోవలసియున్నది. ఇది కొందరికి విడ్డూరముగ తోచవచ్చును. కాని మన నేల పుట్టుకకు తాళపుచెవి ఆ మంచుసీమలలోనే దొరకినది.

స్వీడను దేశపు తూర్పు తీరమున బెస్తవారు ఒక వింత చెప్పుకొనుచుండెడివారు. తాతల నాడు నీటి అంచున ఉండిన బండలు మనుమల నాటికి పైకి తేలినవి. పడవలు పోయిన ఇరుకులలో గడ్డి మొలచినది. ఉష్ణోగ్రత డిగ్రీలకు ఎవరి పేరు పెట్టిరో ఆ ఆండర్స్ సెల్సియసు ఈ వింతను కొలిచి చూడ నిశ్చయించి, 1731లో గావ్లె పట్టణపు చేరువనున్న లోవ్‌గ్రుండ్ అను దీవిలో ఒక బండమీద నీటిమట్టమున గీత చెక్కించెను. ఆ గీత నేడు నీటికి ఎంతో ఎత్తున నిలిచియున్నది. సముద్రమే ఇంకిపోవుచున్నదని సెల్సియసు తలచెను. ఆ తలపు సరికాదని తరువాతివారు తెలిసికొనిరి. ఉత్తర ఐరోపా ఒకప్పుడు కిలోమీటర్ల మందపు మంచుదుప్పటి క్రింద ఉండెనని 1837లో లూయీ అగాసీ అను స్విస్ పండితుడు లోకమునకు చాటెను. ఆ మంచు బరువునకు నేల క్రుంగినదనియు, మంచు కరిగిన పిదప మెల్లగా పైకి లేచుచున్నదనియు 1865లో స్కాట్లండునకు చెందిన థామస్ జేమీసను సూచించెను. బోత్నియా సింధుశాఖ ఉత్తరభాగమున నేల నేటికిని ఏడాదికి దాదాపు 9 మిల్లీమీటర్ల చొప్పున లేచుచున్నది.

ఫిన్లండు దేశమున వాసా యను రేవుపట్టణము కలదు. నేల పైకి లేచుటచే దాని రేవు మెరకవేసి ఓడలు రాలేక పోయెను. 1852లో పట్టణము అగ్నికి ఆహుతి కాగా, పౌరులు పాతచోట మరల కట్టుకొనక, కొన్ని కిలోమీటర్ల దూరమున సముద్రపు ఒడ్డున కొత్త ఊరు నిర్మించుకొనిరి. ఆ కథ వినగానే మనకు బందరు జ్ఞప్తికి రాక మానదు. ఇక్కడను ఓడలు ఒడ్డునకు రాలేక దూరమున లంగరు వేసికొనవలసి వచ్చినది. ఇక్కడను రేవు పూడినది. కంటికి కనబడు ఫలితము ఒక్కటే, కారణములు మాత్రము వేరు. వాసాలో నేల లేచినది. బందరులో నది మట్టి పోసినది. భూగోళశాస్త్రము మనకు మొట్టమొదట నేర్పు పాఠము ఇదియే: సముద్రము వెనుకకు తగ్గినదని చూచినంతనే, ఎందువలన తగ్గినదో తెలిసినట్లు కాదు.

ఉత్తరపు మంచునకును మన డెల్టాకును నిజమైన చుట్టరికము మరియొకచోట ఉన్నది. ఇరువదివేల ఏండ్లకు పూర్వము భూమిమీది నీటిలో కొంతభాగము కెనడా, స్కాండినేవియా మొదలగు చోట్ల మంచుగ గడ్డకట్టి నిలిచియుండెను. అందుచే సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు తక్కువగ ఉండెను. నేడు మన బెస్తవారు వల వేయు బంగాళాఖాతపు అంచు ఆనాడు పొడినేల. కృష్ణ ఇంకను తూర్పునకు పోయి, ఆ లోతట్టు తీరమున కడలిలో కలియుచుండెను. పిదప మంచు కరగనారంభించెను. ఆ కరగుట ఎట్లు సాగినదో స్వీడను పండితుడు గెరార్డ్ డి గేర్ ఒక చక్కని ఉపాయముతో లెక్కించెను. మంచుకరగు నీరు చెరువులలో ఏటేట ఒక పలుచని మట్టిపొర వదలును. ఆ పొరలను ఒక్కొక్కటిగ ఎంచి, గడచిన 12,000 ఏండ్ల లెక్కను 1910లో స్టాక్‌హోములో జరిగిన భూగర్భశాస్త్రజ్ఞుల మహాసభలో ఆయన వినిపించెను.

మంచు కరిగినకొలది సముద్రము వేలాది ఏండ్లు పైకి ఎక్కివచ్చెను. కడలి అట్లు పరుగున ఎక్కివచ్చుచుండగా ఏ నదియు తన మూతివద్ద నేలను నిలుపజాలదు. పోసిన మట్టినెల్ల అలలు మ్రింగివేయును. రమారమి ఏడెనిమిదివేల ఏండ్ల క్రిందట ఆ ఎక్కుట నెమ్మదించెను. అప్పటినుండి లోకమందలి నదులన్నియు ఇంచుమించు ఒకే కాలమున డెల్టాలను కట్టనారంభించినవని స్టాన్లీ, వార్న్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1994లో ప్రకటించిరి. నైలు, గంగ, మిసిసిపీ, గోదావరి, కృష్ణ యన్నియు ఇంచుమించు ఒక ఈడువే. మన మొదటి ప్రశ్నకు ఇది సమాధానము. పామర్రు పొలములు మనకు అనాదిగ తోచవచ్చును గాని, భూమి వయస్సు ముందు అవి నిన్న మొన్నటివి.

ఇక రెండవ ప్రశ్న. సాక్ష్యములు ఎక్కడ? కొన్ని నేలలోనే కలవు. మన రైతులకు మెరక, పల్లము అను మాటలు ఉగ్గుపాలతో వచ్చినవి. తీరప్రాంతపు పల్లెలలో ఇసుక మెరకలు సముద్రమునకు ఇంచుమించు సమాంతరముగా బారులు తీరియుండును. వానిమీద ఇండ్లు, తాటితోపులు, జీడిమామిడితోటలు. రెండు మెరకల నడుమ పల్లమున వరి. ఆ మెరకలు ఒకప్పటి సముద్రపుటొడ్డులే. అలలు త్రోసిన ఇసుక గట్టుగ నిలిచినది. నది మట్టి పోయగా కడలి వెనుకకు తగ్గినది. కొత్త ఒడ్డున కొత్త గట్టు లేచినది. చెట్టును అడ్డముగ కోసినచో వలయములు ఏండ్లను చెప్పినట్లు, ఈ గట్ల వరుసలు డెల్టా పెరిగిన క్రమమును చెప్పును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన వైద్యనాధన్, సాంబశివరావు మొదలగు పరిశోధకులు విమానమునుండి తీసిన ఛాయాచిత్రములను పరిశీలించి ఈ పాత తీరరేఖలను గుర్తించిరి. తరువాత ఉపగ్రహచిత్రములు వచ్చి ఆ పనిని సులభము చేసినవి. గట్లలో దొరకిన గవ్వలలోని కర్బనమును పరీక్షించి వాని వయస్సును కట్టుటయు సాధ్యమైనది.

కొల్లేరు ఇట్టి సాక్ష్యములలో పెద్దది. ఒక వైపు గోదావరియు, ఇంకొక వైపు కృష్ణయు తమ తమ నేలలను ముందునకు పెంచుకొని పోగా, రెండింటికిని నడుమ పూడక మిగిలిన పల్లమే కొల్లేరు. ఒకప్పుడు సముద్రపు పాయగ ఉండి, ఇసుకగట్లు అడ్డుపడుటచే క్రమముగ మంచినీటి సరస్సు అయినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఉప్పుటేరు నేటికిని దానిని సముద్రముతో కలుపుచున్నది.

మనుష్యుల చరిత్ర ఈ సాక్ష్యములకు తోడగుచున్నది. ఏటికి దక్షిణపు ఒడ్డున భట్టిప్రోలు స్తూపమును 19వ శతాబ్ది చివరను అలెగ్జాండర్ రీ త్రవ్వించినప్పుడు బ్రాహ్మీలిపి శాసనములుగల ధాతుకరండములు బయటపడినవి. అవి క్రీస్తునకు పూర్వపువి. కనుక ఆ చోటు రెండువేల ఏండ్లకు పైబడి గట్టినేలయని తెలియుచున్నది. పామర్రునకు దక్షిణముగ కొలదిదూరమున ఘంటసాల కలదు. రెండవ శతాబ్దమున గ్రీకు భూగోళవేత్త టాలెమీ మైసోలియా దేశపు రేవులలో కంటకొస్సిల యను వ్యాపారస్థలమును పేర్కొనెను. నాగార్జునకొండలో బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసనమునందు కంటకసెలలోని మహాచైత్యము ప్రసక్తి వచ్చినది. ఘంటసాలలోనే దొరకిన శాసనములలో మహానావికుని మాట కలదు. ఈ మూడింటిని కలిపి చదివి, కంటకసెల మన ఘంటసాలయేనని పండితులు నిశ్చయించిరి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. ఘంటసాల రేవు కాబట్టి ఆనాడు సముద్రము ఘంటసాల గుడివాకిట ఉండెనని కొందరు సులభముగ చెప్పుదురు. ఆ ముగింపు తొందరపాటు. పూర్వపు ఓడలు చిన్నవి. నదీపాయల వెంటను, ఉప్పుటేరుల వెంటను లోనికి రాగలవు. భాగీరథీ పాయయగు హుగ్లీమీది కలకత్తా సముద్రమునకు ఎంతో దూరమున ఉండియు పెద్దరేవు కాలేదా? ఆనాటి తీరము నేటికంటె లోపల ఉండెననుట నిజము. ఎంత లోపల నుండెనో చెప్పవలసినవి మాత్రము శాసనములు కావు, నేల పొరలు. శాసనము ఊరి పేరు చెప్పును, పొర ఒడ్డు ఎక్కడనో చెప్పును. రెండును కలిసినప్పుడే చరిత్ర పూర్తియగును.

ఘంటసాల వెనుకబడగా తరువాతి శతాబ్దములలో మచిలీపట్టణము ముందునకు వచ్చెను. గోలకొండ నవాబుల కాలమున అది ప్రాగ్దేశపు పెద్దరేవులలో ఒకటి. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అక్కడ దిగిరి. బందరు కలంకారీ వస్త్రములు పారశీకమునకును, ఐరోపాకును పోయినవి. అయినను రేవు ఎన్నడును లోతైనది కాలేదు. కృష్ణ పోసిన మట్టి తీరమంతటను పలుచగ పరచుకొనుటచే పెద్ద ఓడలు దూరమున నిలువ, సరకులను పడవలమీద చేరవేయవలసి వచ్చెను. నేలను ఇచ్చిన నదియే రేవును తీసికొనినదన్న మాట. 2023లో బందరున కొత్త రేవు నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. ఆ రేవును కట్టువారును కృష్ణ మట్టితోను, బంగాళాఖాతపు ఇసుకతోను లెక్క తేల్చుకొనవలసినవారే.

ఈ నేలను కొలబద్దతో చూచిన తొలివారిలో మైకేల్ టాపింగ్ ఒకడు. చెన్నపట్టణమున 1794లో సర్వే పాఠశాలను స్థాపించినవాడితడే. కోరంగి రేవును కొలిచెను. కృష్ణా గోదావరుల నీటిని సేద్యమునకు మళ్ళింప వీలున్నదా యని పరిశీలనకు పూనుకొనెను. 1796లో మచిలీపట్టణముననే జ్వరముతో మరణించెను. అతని తలపు కార్యరూపము దాల్చుటకు మరి అరువది ఏండ్లు పట్టినది. ఈ నడుమ 1832, 33 సంవత్సరములలో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను స్మశానము చేసెను. వానలు లేక చేలు ఎండిన ఆ దినములలోనే కృష్ణ నీరు ఎవరికిని అక్కరకు రాక సముద్రమున కలిసిపోయెను. ఏరు ప్రక్కన ఉండియు జనులు నీరు లేక చచ్చిన ఆ ఘోరమే ఆనకట్ట వాదమునకు బలమిచ్చినది.

గోదావరికి ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలమున, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో, 1852 నుండి 1855 వరకు విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట నిర్మాణము జరిగినది. వాసా నగరము తగులబడిన యేడే ఇక్కడ తొలిరాయి పడినదన్నమాట. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మొదలగునవి నీటిని ఊరూరికి చేర్చినవి. అంతవరకు వానదేవుని నమ్ముకొని చిరుధాన్యములు పండించిన పొలములు వరిమళ్ళైనవి. కాలువలు నీటికే గాక పడవలకును దారులైనవి. నేడు మనము కృష్ణాజిల్లా యనగానే తలచుకొను ఆకుపచ్చని దృశ్యము ప్రకృతి ఒక్కతె చేసినది కాదు; సగము నది చేసినది, సగము మనుష్యులు చేసినది. సార్వా వరి కోతకు ముందు తడిమళ్ళలో మినుములు చల్లి, నేలలోని చెమ్మతోనే రెండవపంట తీయు మన రైతు నేర్పు ఆ ఒండ్రు బలమునకు సాక్షి. పాత ఆనకట్ట 1952లో గండిపడగా, దాని స్థానమున ప్రకాశము బ్యారేజి 1957లో వెలసినది.

నది ఇచ్చుచుండగా సముద్రము ఊరకుండలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో కడలి బందరుమీద విరుచుకుపడెను. సుమారు 30,000 మంది మరణించిరి. ఆ రాత్రి వృత్తాంతము గార్డన్ మెకంజీ 1883లో ప్రకటించిన కృష్ణాజిల్లా గ్రంథమున చదివినవారు మరువలేరు. 1977 నవంబరు 19న దివిసీమలో అదే ఘోరము మరల జరిగినది. దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు పల్లెలను ముంచివేసెను. ప్రభుత్వపు లెక్కకే దాదాపు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. ఉప్పునీరు తీసిన పిదప పొలములు చవుడుబారి పంటకు పనికిరాక పోయినవి. డెల్టా చదును గనుకనే సాగుకు అనుకూలము. చదును గనుకనే ఉప్పెనకు అడ్డు లేదు. ఒకే గుణము వరమును శాపమును అయినది.

ఇక మూడవ ప్రశ్న. కృష్ణ ఇప్పటికిని మట్టి పోయుచున్నదా? ఇక్కడ మన కథ మలుపు తిరుగుచున్నది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము 1967 నాటికి సిద్ధమైనది. శ్రీశైలము జలాశయము 1980వ దశకమున వచ్చినది. ఎగువన ఆలమట్టి మొదలగునవి వెలసినవి. జలాశయమున నిలిచిన నీరు మైదానమున నిలిచిన నీటివలెనే మట్టిని వదలును. డెల్టాకు రావలసిన మట్టి ఎగువనే ఆగిపోయినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన ఆచార్య కాకాని నాగేశ్వరరావు గారును, వారి సహచరులును 2010లో ప్రకటించిన పరిశోధనలోని అంకెలు ఆలోచింపదగినవి. 1966, 69 సంవత్సరముల నడుమ కృష్ణ తెచ్చిన మట్టి 90 లక్షల టన్నులు. 2000, 2005 నడుమ అది 4 లక్షల టన్నులకు పడిపోయినది. 1965 నుండి 2008 వరకు 43 ఏండ్లలో కృష్ణా గోదావరుల జంటడెల్టా 336 కిలోమీటర్ల తీరము పొడుగున 76 చదరపు కిలోమీటర్ల నేలను నికరముగ కోల్పోయినది. కోతవేగము నానాటికి హెచ్చినది. 1990కి ముందు ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్లుండినది, 2000 తరువాత 2.25 అయినది.

వేలాది ఏండ్లు ముందునకు సాగిన తీరము మన తలిదండ్రుల కాలమున ఆగి, మన కాలమున వెనుకకు నడచుచున్నదని దీని అర్థము. లోకమందలి 33 డెల్టాలను పరిశీలించి 2009లో ప్రకటించిన మరియొక అధ్యయనము కృష్ణా డెల్టాను మిక్కిలి ప్రమాదమునకు గురియైనవానిలో చేర్చినది. దీనికి ఇంకొక కారణము కలదు. డెల్టా మట్టి మెత్తనిది. తన బరువునకు తానే మెల్లగా అణగుచుండును. పూర్వము ఏటేట వచ్చు వరదమట్టి ఆ లోటును తీర్చుచుండెను. ఇప్పుడు అణగుట ఆగలేదు, తీర్చుట ఆగినది.

కొల్లేటి సంగతియు ఇట్టిదే. దానిని 1999లో పక్షుల అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో రాంసార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగ గుర్తింపు వచ్చినది. అప్పటికే చేపలచెరువుల గట్లు సరస్సును ముక్కలు చేసియుండెను. 2006లో ప్రభుత్వము వానిలో అనేకమును కొట్టించివేసెను. బ్రతుకుతెరువు కోల్పోయిన పల్లెలవారి బాధయు నిజమే, వరదనీటికి చోటు లేక మునిగిన పొలములవారి బాధయు నిజమే. కొల్లేరు వంటి పల్లము నిండి పొంగు నీటికి తొట్టి. తొట్టిని పూడ్చినవారికి నీరు ఇంటిలోనికి వచ్చినదని అడుగు హక్కు ఉండదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినప్పుడు, ప్రకాశము బ్యారేజి వద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులను దాటినప్పుడు, ఈ మాట మనకందరకును మరల జ్ఞాపకము వచ్చినది.

ఆనకట్టలు కట్టుట తప్పని మా అభిప్రాయము కాదు. నందన కరువు ఎట్టిదో తెలిసినవాడెవడును ఆ మాట అనడు. నాగార్జునసాగరము నీరు త్రాగి బ్రతికిన సీమలెన్నియో కలవు. నీటిని నిలుపుకొన్నప్పుడు మట్టియు నిలిచిపోవునన్న సంగతిని ఆనాడు మనము లెక్కలో వేసికొనలేదు. ఇప్పుడు వేసికొనవలెను. తీరమున మిగిలిన మడ అడవులను కాపాడుట, మురుగుకాలువలను పూడనీయకుండుట, ఇసుకమెరకలను లారీల కెత్తకుండుట, ఉప్పునీరు పొలములలోనికి ఎగబాకకుండ ఏటిలో కొంత మంచినీటిని సముద్రము వరకు పారనిచ్చుట. ఇవి గొప్ప శాస్త్రము అక్కరలేని పనులు. వీనిలో కొన్ని ప్రభుత్వము చేయవలసినవి, కొన్ని ఊరివారే చేయదగినవి.

చివరగా మరల ఉత్తరమునకు పోదము. 2008లో భారతదేశము నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో, 79వ అక్షాంశమునకు సమీపమున, హిమాద్రి యను పరిశోధనాకేంద్రమును తెరచినది. 2014లో అక్కడి సముద్రశాఖయందు నీటి వేడిమిని, ఉప్పదనమును నిరంతరము కొలుచు యంత్రసముదాయమును దించినది. ఉత్తరధ్రువపు మంచుతో మనకేమి పని యని అడుగువారు కలరు. ఒక్క గ్రీన్లండు మంచు పూర్తిగ కరిగినచో లోకమందలి సముద్రములు 7 మీటర్ల వరకు లేచునని శాస్త్రజ్ఞుల లెక్క. అంత కరగుటకు శతాబ్దములు, సహస్రాబ్దములు పట్టును. రేపో ఎల్లుండియో జరుగునది కాదు. అయినను 1901 నుండి 2018 వరకు సముద్రమట్టము ప్రపంచపు సగటున దాదాపు 20 సెంటీమీటర్లు లేచినది, వేగము హెచ్చుచున్నది. ఏ మంచు కరుగుట నెమ్మదించుటచే మన డెల్టా పుట్టినదో, ఆ సీమలలోని మంచు మరల కరుగుచున్నది. మంచుసీమలో గీత గీచి కొలుచువాడు మనకు తెలియకనే మన పొలపు సరిహద్దును కొలుచుచున్నాడు.

వానాకాలమున వరద వచ్చినప్పుడు మేము ప్రతిపూటయు ప్రకాశము బ్యారేజి వద్ద నీటిమట్టము ఎంతయో, ఎన్ని క్యూసెక్కులు దిగువకు వదలుచున్నారో వార్తలలో చదువుచుందుము. పామర్రులోను, మొవ్వలోను, అవనిగడ్డలోను ఇంటింట రేడియో ప్రక్కన చేరి ఆ అంకెలను శ్రద్ధగ విను పెద్దలు మాకు తెలియును. ఇన్నేండ్లలో మేము నీటి లెక్క చెప్పితిమే గాని, ఆ నీటిలో ఎంత మట్టి వచ్చినదో ఒకనాడును చెప్పలేదు. ఎవరును అడుగనూ లేదు. పూర్వము వరద తీసిన మరునాడు రైతు చేనికి పోయి, గట్టున నిలిచి, ఎంత ఒండ్రు దిగినదో వ్రేలితో కొలిచి చూచుకొనెడివాడు. ఈ నేల ఎట్లు వచ్చినదో అతనికి ఏ గ్రంథమును చెప్పనక్కరలేక పోయెను. ఇకమీదట వరద వార్త వినునపుడు ఆ రెండవ లెక్కను గూడ అడుగవలెనని మేము కోరుచున్నాము. అడుగువారుండినచో చెప్పువారును కలుగుదురు.